పక్షవాతమునకు వేళయే మందు



కడంబూరున తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. మాకు ఇంట తెలుగు, వీధిలో తమిళము. పక్షవాతమునకు మాత్రము రెండు భాషలలోను 'వాత'మనియే పేరు. ఆ పేరే మమ్ము మోసగించినది.

నిరుడు మా అన్నగారు పొలమునకు బయలుదేరబోవుచుండగా మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయినది. జబ్బు చేతిలో నున్నదని యెంచి తైలము మర్దించితిమి. పావురమును వెదకి తెచ్చి దాని నెత్తురు పూసితిమి. ఆసుపత్రి చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. మందుకు వేళ మించినదని డాక్టరుగారు చెప్పిరి.

తరువాత నేను తెలిసికొన్నది పాఠకులకు మనవి చేయుచున్నాను. మెదడులోని పెద్ద రక్తనాళము గడ్డతో మూసికొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో లెక్కగట్టిరి. నష్టము అంతటితో నాగదు. రోగక్రిములను చంపి మనలను కాపాడు తెల్లకణములు కొన్ని గంటలలోనే అచ్చటికి చేరును. అక్కడ శత్రువు లేడు. అయినను అవి సన్నని నాళములలో చిక్కి దారి మూయును. క్రిములపై విడువవలసిన ఘాటు పదార్థములను మెదడుపైననే విడుచును. నాళముల గోడలు సడలి వాపు హెచ్చును.

అట్లయిన వానిని అణచిన చాలదా యని నేనును అడిగితిని. తెల్లకణములు నాళపు గోడను పట్టుకొనకుండ చేయు ఎన్లిమోమాబ్ అను మందును 625 మంది రోగులతో పరీక్షించి, 2001లో ఫలితములు ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న వారిలోనే మరణములు హెచ్చు! క్రిములనుండి కాపాడునవియు, పిదప చచ్చిన కణములను ఎత్తివేయునవియు తెల్లకణములే గదా. కావలివానిని కట్టివేసి ఇల్లు కాపాడుకొనలేము.

కనుక నేటికిని మన చేతిలోనిది వేళ యొక్కటే. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. అదియు స్కాను తీసి, మెదడులో రక్తస్రావము లేదని తేలిన పిమ్మటనే.

మూతి వంకర, చేతి బలహీనత, మాట తడబాటు, వీనిలో ఏది హఠాత్తుగా కనిపించినను వెంటనే 108కి ఫోను చేయవలెనని కడంబూరు రైలుస్టేషనులోను, కోవిల్‌పట్టి, విరుదునగరము బస్సుస్టాండులలోను తమిళముతోబాటు తెలుగునను బోర్డులు పెట్టవలెను. ఏ ఆసుపత్రిలో స్కాను, ఈ మందు రేయింబవళ్లు లభించునో అధికారులు ముందుగానే ప్రకటింతురుగాక.

అన్నగారు ఇప్పుడు ఎడమచేత అన్నము తినుచున్నారు. పావురమును వెదకుటలో పోయిన గంటలు మాకు తిరిగి రావు. మరొక ఇంట అట్లు జరుగకుండుగాక.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడంబూరు.