నకిలీ వీరచిహ్నములు

యుద్ధము ముగిసిన పిదప సైనికుడు ఇంటికి తెచ్చుకొనునది మిక్కిలి స్వల్పము. అరచేతిలో ఇమిడెడి పతకమొకటి, దానిని వ్రేలాడదీయు రంగుల రిబ్బను, సొట్టలు పడిన శిరస్త్రాణము, చెమటకు నలుపెక్కిన తోలుపటకా, ఇంతియే. ఆతడు జీవించియున్నంత కాలము అవి పెట్టె అడుగున పడియుండును. మనుమల కాలమునకు బజారు చేరును. అచ్చట వానిని వెదకి, కొని, తుడిచి, భద్రపఱచు వారొక తెగ కలరు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో ఇట్టి సేకర్తలు వేలకొలది యున్నారు. తపాలాబిళ్ళలను, ప్రాచీన నాణెములను కూర్చువారికి వలెనే వీరికిని సంఘములు, పత్రికలు, వేలముశాలలు కలవు.

యుద్ధమును ప్రేమించువారే యుద్ధచిహ్నములను కూడబెట్టుదురని కొందఱు తలంతురు. అట్టివారును లేకపోలేదు గాని, అందఱిని ఆ గాటనే కట్టుట న్యాయము కాదు. ఈ వ్యాసంగమునందలి రుచి వేఱు. బ్రిటిషు పతకముల అంచును పరికించినచో అది తెలియును. 1815లో జరిగిన వాటర్లూ యుద్ధమునకై యిచ్చిన పతకము మొదలు అనేక పతకముల అంచులపై, వానిని పొందిన సైనికుని పేరును దళమును వేయుట ఆచారమయ్యెను. మొదటి ప్రపంచయుద్ధపు వెండిపతకమున సంఖ్య, హోదా, పేరు, దళము వరుసగా ముద్రింపబడియుండును. భారతీయ సిపాయిలకిచ్చిన పతకములకును ఈ మర్యాద దక్కెను. సేనానాయకుల పేరులు చరిత్రగ్రంథములలో నిలుచును. సామాన్య సిపాయి పేరు పెక్కుసారులు ఈ సన్నని యంచుమీదనే నిలుచును. 1940 సెప్టెంబరులో లండనుపై పడిన బాంబులవలన అగ్ని చెలరేగి, మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన బ్రిటిషు సైనికుల సేవాపత్రములలో సగమునకు మించి కాలిపోయెను. అట్టివారి విషయమున ఆ వెండియంచు పలికెడి సాక్ష్యమునకు ఎంత విలువ కలదో ఊహింపవచ్చును. సేకర్త ఆ పేరును చదువును. ప్రభుత్వపు పతకపట్టికలను, పాత వార్తాపత్రికలను గాలించును. ఆ మనుష్యుడెవ్వడు, ఎచ్చట పోరాడెను, తిరిగి యిల్లు చేరెనా లేదా యని విచారించును. ఆ విచారణయే ఆతని యానందము. పతకము దానికి వాకిలి మాత్రమే.

ఆ వాకిటనే నకిలీకారుడు కాచుకొనియున్నాడు.

క్రిమియా యుద్ధమున, 1854 అక్టోబరు 25వ తేదీన, బాలక్లావా యొద్ద సుమారు 670 మంది బ్రిటిషు తేలిక అశ్వదళమువారు, అపార్థము చేసికొనబడిన యొక ఆజ్ఞను శిరసావహించి, రష్యను ఫిరంగుల కెదురుగా గుఱ్ఱములను దుమికించిరి. ఆ సాహసము జగత్ప్రసిద్ధము. ఆనాటి యుద్ధమున కిచ్చిన గుర్తు మాత్రము సామాన్యమైనది: క్రిమియా పతకముపై బాలక్లావా అను అక్షరములు గల యొక వెండిపట్టీ. అది ఆ రౌతులకే కాక, ఆనాడు అచ్చటనున్న తక్కిన దళములవారికిని లభించెను. పతకము అదే, పట్టీ అదే. భేదమంతయు అంచుమీది పేరునందే కలదు. అందును ఈ పతకములు మొదట పేరులు లేకయే పంచబడినవి. పిదప కొందఱు వానిని మరల పంపి ప్రభుత్వముచేతనే పేరు వేయించుకొనిరి. కొందఱు తమ యూరి కంసాలిచేత చెక్కించుకొనిరి. కొందఱు ఏ పేరును లేకుండనే యుంచుకొనిరి. కావున అక్షరముల పోకడను బట్టి సత్యమును నిర్ణయించుట కష్టము. నకిలీకారునకు ఇంతకంటె సారవంతమైన పొలము కావలెనా? ఎవరికిని గుర్తులేని యొక కాలిబంటు పతకమును చౌకగా కొనును. అంచును ఆకురాతితో గీకి ఆతని పేరును మాపివేయును. ఆ చోట అశ్వదళపు రౌతు పేరొకటి చెక్కును. వెల అనేక రెట్లు పెరుగును.

ఇందులో జరిగిన చౌర్యమును జనులు సరిగా లెక్కింపరు. కొన్నవాని ధనము పోయెనని మాత్రమే విచారింతురు. ఆ కాలిబంటు మాటయేమి? ఆతడును అదే నేలపై నిలిచెను, అదే చలిలో వడఁకెను. నూఱేండ్లకు మించి వెండిపై నిలిచిన ఆతని పేరు ఒక్క పూటలో పొడియై నేలరాలెను. పోయిన ధనమును మరల సంపాదింపవచ్చును. పోయిన పేరును మరల చెక్కుటకు, అది ఎవరి పేరో తెలిసిన గదా!

జర్మను ఇనుపసిలువ చరిత్ర వేఱొక విధమైనది. ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియము దీనిని 1813లో నెలకొల్పెను. 1870, 1914, 1939 సంవత్సరములలో ఇది మరల మరల ఈయబడెను. నల్లని యినుప నడిమిబిళ్ళ, దాని చుట్టును వెండి చట్రము, ఇవి దీని సాధారణ నిర్మాణము. అయస్కాంతమునకు అంటుకొననిచో నకిలీయని పూర్వపు సేకర్తలు సులభముగా నిర్ణయించెడివారు. నకిలీకారులు ఈ పరీక్షను ఎఱుగనివారా? వారును ఇనుమునే వాడ మొదలిడిరి. అంతకంటె విపరీతమేమనగా, నిజమైన సిలువలలోను అయస్కాంతమున కంటుకొనని లోహముతో చేసినవి కొన్ని కలవు. కావున పరీక్షలో నెగ్గిన నకిలీ అద్దాల బీరువా నెక్కగా, నెగ్గని నిజము గంపలో పడెను.

వస్తువును నమ్మలేనివారు పత్రమును నమ్మ మొదలిడిరి. ఇది ఫలానా వీరునిది, ఫలానా యుద్ధమున ధరింపబడినది అని వ్రాసియిచ్చిన కాగితము వెంట నున్నచో వెల యధికము. కాని లోహమును పోతపోయుటకంటె కాగితమును కల్పించుట సులభము గదా! జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున కోన్రాడ్ కూజౌ అను వర్తకుడు ఈ రహస్యమును చక్కగా గ్రహించెను. మొదటి ప్రపంచయుద్ధపు శిరస్త్రాణమొకటి ఆతని చేత పడెను. అది నిజమైనదే, అల్పమైన వెలది. 1917లో ఈప్ర యొద్ద హిట్లరు దీనిని ధరించెనని ఆతడొక పత్రమును కల్పించి చేర్చెను. నిజమైన యినుమునకు అబద్ధపు కాగితము తోడయ్యెను.

అచ్చటితో ఆగిన బాగుండెడిది. ఆతడు క్రమముగా హిట్లరు దినచర్య గ్రంథములనే వ్రాయ సాహసించి, అఱువదికి పైగా సంపుటములను సిద్ధము చేసెను. పుటలకు ప్రాచీనత కలుగుటకై తేనీరు చల్లెను. అతిథులకీయవలసిన పానీయము ఇట్లు కాగితములకు వార్ధక్యము నిచ్చెను! అట్టపై హిట్లరు పేరి తొలియక్షరమైన 'ఏ'కు బదులుగా 'ఎఫ్' అంటింపబడెను; ప్రాచీన జర్మను లిపిలో ఆ రెండును ఒకదానినొకటి పోలియుండును. ఇంతటి పొరపాటును ఎవ్వరును పట్టించుకొనలేదు. స్టెర్న్ పత్రిక వీనికై సుమారు 93 లక్షల మార్కులు చెల్లించి, 1983 ఏప్రిలు 25వ తేదీన లోకమునకు చాటెను. రెండు వారములు గడువకముందే, మే 6వ తేదీన, జర్మను ప్రభుత్వ పత్రాగారమువారు ఇవి నకిలీలని ప్రకటించిరి. యుద్ధానంతరమే వాడుకలోనికి వచ్చిన తెల్లదనపు రసాయనము ఆ కాగితమున బయల్పడెను. 1985లో కూజౌకును, ఆ గ్రంథములను పత్రికకు చేర్చిన విలేఖరికిని కారాగారశిక్ష పడెను.

ఈ కథలో అందఱును నవ్వుకొను ఘట్టములు పెక్కు కలవు. కాని నవ్వు రాని ఘట్టమొకటి కలదు. పత్రిక ఆ దస్తూరీని మొదట పరీక్షింపకపోలేదు. నిపుణుల కిచ్చెను, వారును పోల్చి, ఇది హిట్లరు దస్తూరీయే యనిరి. పోల్చుటకై వారికిచ్చిన కాగితములలో కొన్ని కూజౌ వ్రాసినవే! ఆతని చేతివ్రాతను ఆతని చేతివ్రాతతో పోల్చి వారు సరిపోయినదనిరి. నకిలీ చేసెడి పరమాపకారము ఇదియే. అది తానొక్కటియే అబద్ధమాడి యూరకుండదు. నిజమును కొలిచెడి కుంచమునందే చేరి కూర్చుండును. ఆ పిమ్మట ఎంత నిజాయితీతో కొలిచినను కొలత తప్పును.

సేకరణమునకు పట్టిన చీడయు అట్టిదే. పూర్వము పతకమును చేతికి తీసికొన్నవాడు పేరు చదివెడివాడు. నేడు భూతద్దమును పట్టి అంచు పలుచబడినదా, అక్షరములు వంకరపోయినవా, పట్టీ అతుకు క్రొత్తదా యని ముందు వెదకును. దొంగను పట్టు భటుని చూపు ఆతనికి అలవడినది. ఆ చూపుతో చూచినవానికి సిపాయి కానరాడు. పిన్నవయసున ఈ వ్యాసంగమునకు దిగినవాడు ఒకటి రెండుసారులు మోసపోయెనా, తన కూర్పునంతయు అమ్మివేసి దూరమగును. మిగిలినవారు పరస్పరము శంకించుకొందురు.

ఈ శంక ఇంగ్లండు, జర్మనీ దేశములయందే నిలిచియుండునని తలంపరాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును తన యువకులను పంపి, మిలిటరీ మాధవరమని పేరొందినది. అట్టి యూరినుండి ఒక సిపాయి మునిమనుమడు తమ యింటి పతకమును పరదేశపు నిపుణునకు చూపెననుకొందము. ఆ నిపుణుడు, "మీ ముత్తాతగారు ఏ దళమువారు?" అని యడుగవలెను. నకిలీల కాలమున ఆతడు ముందుగా, "ఇది మీకెచ్చట దొరకెను?" అని యడుగును. ఏ పాపమెఱుగని యా కుటుంబము ఎవ్వరో చేసిన మోసమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుచున్నది.

"కొన్నవానికి తెలియనిచో నష్టమేమి? నకిలీయైనను ఆతడు చూచి సంతసించుచునే యున్నాడు గదా!" అని వాదించువారు కలరు. ఈ వాదము పైకి ఇంపైనది. అందమునకై కొన్న వస్తువున కది కొంత చెల్లవచ్చును. సాక్ష్యమునకై కొన్నదానికి చెల్లదు. సాక్షి మధురముగా మాటలాడినంత మాత్రమున న్యాయస్థానము తృప్తిపడునా? మోసమును కనిపెట్టుటలోనే వినోదమున్నదని మఱికొందఱందురు. ముప్పదియేండ్ల యనుభవము గల ధనికున కది వినోదము కావచ్చును. జీతములో కొంత మిగిల్చి తొలి పతకమును కొన్న గుమాస్తాకు కాదు.

నకళ్ళు చేయుట సర్వదా నేరమని చెప్పుట యుక్తము కాదు. నాటకములకు, చిత్రములకు, పోయినదానికి బదులుగా కుటుంబములకు నకళ్ళు కావలసియుండును. అవి నకళ్ళని తెలియుటయే కావలసినది. అమెరికాలో 1973లో చేసిన చట్టము ప్రాచీన నాణెముల ప్రతిరూపములపై 'నకలు' అని లోహమునందే ముద్ర వేయవలెనని శాసించెను. వీరపతకముల విషయమున ఇట్టి నియమము అన్ని దేశములందును ఉండవలెను. వర్తకుడు తానమ్మినది నకిలీయని తేలిన, ఎన్నేండ్లయినను తిరిగి తీసికొని సొమ్ము చెల్లింపవలెను. సేకర్తలును నిర్దోషులు కారు. మోసపోయితినని చెప్పుకొనుటకు సిగ్గుపడి, ఆ వస్తువును గుట్టుగా మఱియొకరికి అంటగట్టువారు కలరు. ఆ క్షణమున మోసపోయినవాడే మోసగాడగును. నకిలీ ఒక చేతినుండి మఱియొక చేతికి నడచుటకు కాళ్ళు వీరే యిచ్చుచున్నారు.

పేరు మార్చిన పతకములలో కొన్నింటిని వెలుగున కడ్డముగా వంచి భూతద్దముతో చూచిన, క్రొత్త యక్షరముల క్రింద పాతవాని జాడ సన్నగా తోచును. ఒకచోట సంఖ్యలోని రెండంకెలు, ఒకచోట దళపు పేరులోని తుదియక్షరము. వర్తకులు వానిని 'పేరు మార్చినవి' అని చీటీ కట్టి, చౌకవెలకు వేఱొక పళ్ళెమున నుంచుదురు. కొనువారు తక్కువ. ఓపిక గల సేకర్తలు కొందఱు మాత్రము, ఆ రెండంకెలను వ్రాసికొని, ప్రభుత్వపు పట్టికల ముందు కూర్చుందురు.