గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది

ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లో రెండు రకాల రీల్స్ మొదలవుతాయి. ఒకటి మామిడికాయ తొక్కు. రెండోది 'పది నిమిషాల్లో కారు ఏసీ గ్యాస్ ఫుల్'. మొదటిదాని గురించి మాట్లాడే హక్కు మా ఇంట్లో అమ్మకు తప్ప ఎవరికీ లేదు. కాబట్టి ఈ వారం రెండోదాని సంగతి చూద్దాం.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ ద్రవమవుతూ, మళ్లీ ఆవిరవుతూ గుండ్రంగా తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయిందన్నట్టే.

చందూర్‌లో మా చిన్నాయన కొడుకు కిరాయి కారు నడుపుతాడు. పెళ్లిళ్ల సీజన్‌లో వర్ని, బోధన్ ట్రిప్పులు, మిగతా రోజుల్లో పేషెంట్లను తీసుకుని నిజామాబాద్ ఆస్పత్రులకు. మేలో మా వైపు ఎండ ఎట్లుంటదో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏసీ లేని కారును ఎవరూ పిలవరు. వాడు వరుసగా మూడు ఎండాకాలాలు గ్యాస్ కొట్టించాడు, ప్రతిసారీ 1,800 రూపాయలు. మూడోసారి నెల కూడా ఆగలేదు.

"అన్నా, ఇప్పుడు గ్యాస్ మంచిది వస్తలేదంట. అందుకే జల్ది అయిపోతున్నదంట."

"ఎవరు చెప్పిండ్రురా?"

"గ్యాస్ కొట్టినాయనే."

మా ఫీల్డ్‌లో దీన్ని మెమరీ లీక్ అంటాం. కోడ్‌లో తప్పు వెతకడానికి బద్ధకమేసి రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేసే టీములు ఉంటాయి. పొద్దున్నే అంతా బాగున్నట్టే ఉంటుంది. తేడా ఏంటంటే, ఇక్కడ రీస్టార్ట్‌కి 1,800.

ఇంట్లో ఫ్రిజ్ ఏళ్లకేళ్లు గ్యాస్ అడగదు కదా, కారు ఎందుకు అడుగుతుంది? ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఇనుప డబ్బాలో వెల్డింగ్ చేసి ఉంటాయి. కారులో కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. అంటే దాని ఇరుసు బయటికి రావాలి, అక్కడో సీల్ ఉండాలి. ఇంజిన్ వణుకుతుంది కాబట్టి రబ్బరు పైపులు వాడాలి. వీటి గుండా చాలా కొద్దికొద్దిగా గ్యాస్ పోవడం మామూలే. కొన్నేళ్లకోసారి నింపించడంలో తప్పు లేదు. ప్రతి ఏడూ నింపాల్సి వస్తుంటే మాత్రం రంధ్రం ఉన్నట్టే.

గ్యాస్ దాకా పోకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గాలి తక్కువగా వస్తోందంటే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. కోతల టైంలో మా ఊరి రోడ్ల మీద హార్వెస్టర్ లేపే దుమ్ము, పొట్టు మొత్తం రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఇరుక్కుంటుంది. బండి పరిగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ఆగితే వేడి గాలి వస్తోందంటే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడండి. వీటికి గ్యాస్ ఎంత కొట్టినా ఫలితం ఉండదు.

ఇక మీటర్ సంగతి. ఇది చాలామందికి తెలియదు. ఏసీ ఆపి ఉన్నప్పుడు మీటర్ పెట్టి 'ప్రెషర్ ఉంది, గ్యాస్ ఫుల్' అంటారు. లోపల కొంచెం ద్రవం మిగిలినా చాలు, ప్రెషర్ వేడిని బట్టి ఉంటుంది తప్ప పరిమాణాన్ని బట్టి కాదు. ఇప్పుడు మన రోడ్ల మీదున్న కార్లలో ఎక్కువగా వాడే ఆర్‌134ఏ గ్యాస్ 40 డిగ్రీల వేడిలో దాదాపు 133 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల 200 గ్రాములున్నా 450 గ్రాములున్నా అదే అంకె! వంటింట్లో సిలిండర్ ఎంత మిగిలిందో చూడాలంటే ఊపి, ఎత్తి చూస్తాం కదా, ఇదీ అంతే. పాతది తీసేసి, వ్యాక్యూమ్ పట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం కాటా పెట్టి నింపాలి. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లదనం రాదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

వ్యాక్యూమ్ ఎందుకంటే పైపుల్లో చేరిన తేమ ఆవిరై బయటికి రావడానికి. తేమ మిగిలితే నూనెతో కలిసి యాసిడ్ తయారవుతుంది. గ్యాస్‌తో పాటు ఆ నూనె కూడా తిరుగుతూ కంప్రెసర్‌ని కాపాడుతుంటుంది. లీకైన చోట జిడ్డు మరక కనిపించేది అందుకే.

మావాడి కారులో బయట ఎక్కడా మరక లేదు. నిజామాబాద్‌లో ఇంకో మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నీళ్లు పూసి చూశాడు. బుడగ రాలేదు. కారు కింద ఏసీ నీళ్లు కారే గొట్టం దగ్గర వేలు పెడితే మాత్రం జిడ్డు! లీకు డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో. మొత్తం 7,500 అన్నాడు. డ్యాష్‌బోర్డు విప్పాలి, ఒకటిన్నర రోజు.

"విప్పితే మళ్ల ముందటి లెక్క ఉండదన్నా, కటకట అంటది" అని మావాడి భయం. ఆ భయం ఉత్తది కాదు, అట్లాంటి బండ్లు నేనూ ఎక్కాను. పైగా రెండు రోజుల కిరాయి పోతుంది. కడకు మూఢం పడి పెళ్లిళ్లు లేని వారంలో చేయించాడు.

"అమెరికాలో డబ్బా కొని మనమే ఎక్కించుకోవచ్చట కదా" అని అడిగేవాళ్లు ఉన్నారు. డల్లాస్‌లో ఉండే మా బావ సెలవులకు మోటార్‌హోమ్ తీసుకుని తిరుగుతాడు. 1982లో ఎన్టీఆర్ తిరిగిన చైతన్యరథానికి మంచం, వంటగది పెట్టి ఆధునికం చేశారనుకోండి. అందులో ఇంటి భాగానికి కప్పు మీద వేరే ఏసీ. డ్రైవర్ ముందున్న డ్యాష్ ఏసీ మాత్రం కారులో లాంటిదే, ఇంజిన్ నడిస్తేనే చల్లన. అక్కడ ఆర్‌134ఏ చిన్న డబ్బాలు దుకాణంలో దొరుకుతాయి. కానీ 2018 నుంచి వాటికి దానంతటదే మూసుకునే వాల్వు తప్పనిసరి చేశారు, గ్యాస్ గాల్లోకి పోకుండా. డబ్బా గ్యాస్‌ని ఇస్తుంది, రంధ్రాన్ని మూయదు. లోపల ఇప్పటికే ఎంతుందో కూడా చెప్పదు.

గాల్లోకి పోతే ఏమవుతుందంటారా? ఒక కిలో ఆర్‌134ఏ వందేళ్లలో దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. 450 గ్రాములంటే ఇంచుమించు 280 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. అందుకే 2016 కిగాలీ ఒప్పందంలో ఇలాంటి గ్యాసులను తగ్గించాలని తీర్మానించారు. మన దేశం 2032 నుంచి దశలవారీగా తగ్గిస్తుంది.

చవక గ్యాస్ సంగతి ఇంకా ప్రమాదం. 2011లో వియత్నాం, బ్రెజిల్ రేవుల్లో ఓడ కంటైనర్ల కూలింగ్ యూనిట్లు పేలి మనుషులు చనిపోయారు. కల్తీ గ్యాస్‌లో ఉన్న మిథైల్ క్లోరైడ్ లోపలి అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితేనే మండే పదార్థంగా మారింది. సీల్ ఉన్న సిలిండర్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల డ్రైవర్ క్యాబిన్‌కి ఏసీ ఉండాలని కేంద్రం రూల్ పెట్టింది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక మా వైపు చెరుకు తగ్గి వరి పెరిగింది. లారీలు మాత్రం తగ్గలేదు, ఇప్పుడు వడ్ల బస్తాలు మోస్తున్నాయి. వాటిలో కొత్తగా వచ్చేవి ఏసీ క్యాబిన్‌తో వస్తాయి. ఇంకో నాలుగైదు ఎండాకాలాలకు ఆ డ్రైవరన్నలకు కూడా 'గ్యాస్ అయిపోయింది' అని చెప్పేవాళ్లు తయారవుతారు. మీ ఇంట్లో లారీ నడిపేవాళ్లుంటే, ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని నింపారు అని బిల్లు మీద రాయించుకోమనండి.