ఆ ఇంజెక్షన్ వేయించుకునే పెద్దల గురించి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ల్యూప్రొలైడ్ వంటి ఇంజెక్షన్లు తీసుకునే పురుషులలో టెస్టోస్టిరాన్ దాదాపు అడుగంటుతుంది. చికిత్స ఉద్దేశమే అది. అయితే తొలి ఒకటి రెండు వారాలు అది తగ్గడానికి బదులు పెరుగుతుంది. అందుకే వైద్యులు కొన్నాళ్లు తోడుగా మాత్రలిస్తారు, వాటిని మానరాదు. వ్యాధి వెన్నెముకకు పాకినవారికి ఆ రోజుల్లో కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగినా తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.

తరువాత ఒంట్లో వేడి ఆవిర్లు, నీరసం, దిగులు, దాంపత్య వాంఛ సన్నగిల్లడం కనిపిస్తాయి. మన ఇళ్లలో వీటిని వయసు మీదికి నెట్టి, బిడియంతో భార్యకు సైతం చెప్పరు. ఆమె దానిని తన పట్ల విముఖతగా భావించి లోలోపల కుమిలిపోతుంది. ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం మాత్రం పరీక్షలలోనే బయటపడతాయి. డెక్సా స్కాన్, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో తదుపరి ఇంజెక్షన్ నాడే వైద్యుని అడిగి రాసుకోవలసిందని మా మనవి.