మేపుల్‌ని అప్పుడే తొట్టిలోకి ఎక్కించొద్దు

న్యూజెర్సీలో మా అన్న కొడుకు ఇంటి పెరట్లో ఒక మేపుల్ చెట్టు ఉంది. 7 ఏండ్ల కిందట చిటికెనవేలంత మొక్కగా కొని, బోన్సాయ్ చేద్దామనే నేలలో నాటినాడు. ఇప్పుడది 9 అడుగులు దాటి, ఒక పద్ధతీ పాడూ లేకుండా నాలుగు దిక్కులకూ కొమ్మలు చాచుకొని నిలబడింది. వచ్చే మార్చిలో దాన్ని తవ్వి, పొట్టిగా కత్తిరించి, నీలం రంగు తొట్టిలో పెట్టి, కొత్త ఇంటి వరండాలో ఉంచుకోవాలని వాళ్ల ముచ్చట. ఇంకెన్నాళ్లు ఈ పొదను చూడాలి అని కోడలి మాట. నన్నడిగినారు. వద్దన్నాను.

ఇంకా కనీసం 5 ఏండ్లు ఆ చెట్టు నేలలోనే, ఆ అవతారంలోనే ఉండాలని నా అభిప్రాయం. ఫోన్లో చెప్తే ముసలాయన చాదస్తంలాగా వినబడి ఉంటుంది, అందుకే కారణాలన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను. చలిదేశాల్లో కాపురం పెట్టిన మన పిల్లలు చాలామందికి ఈ చెట్టు బాగా తెలుసు, వాళ్లలో ఇంకెవరికైనా పనికొస్తుంది. నేను బెంగళూరులో మిద్దె మీద 30 ఏండ్లుగా చింత, జువ్వి బోన్సాయ్‌లు పెంచుతున్నవాణ్ణి. మేపుల్ పని అన్న కొడుకు దగ్గరికి పోయినప్పుడల్లా చేసి, చూసి తెలుసుకున్నది.

బోన్సాయ్‌కి వాడే మేపుల్స్‌లో ముఖ్యమైనవి రెండు. ఒకటి జపాన్ మేపుల్, చేతివేళ్లు విప్పినట్టు ఉంటుంది ఆకు. వాళ్లు మొమిజి అంటారు. రెండోది ట్రైడెంట్ మేపుల్, ఆకుకి మూడే మొనలు, బాతు పాదంలాగా. మావాడి దగ్గర ఉన్నది ఈ రెండోది. జోరుగా పెరుగుతుంది, గాయాలు తొందరగా మానతాయి, వేర్లు ఒకదానికొకటి అతుక్కొని పీటలాగా తయారవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే మేలు.

అసలు సంగతి ఏమిటంటే, బోన్సాయ్‌లో పెంచే పని వేరు, తీర్చే పని వేరు. పెంచే పనిలో బోదె లావెక్కాలి, వేర్లు చుట్టూ పరుచుకోవాలి. తీర్చే పనిలో రెమ్మలు సన్నబడాలి, ఆకులు చిన్నవి కావాలి. మొదటిదానికి చెట్టు విచ్చలవిడిగా పెరగాలి, రెండోదానికి దాన్ని అణచాలి. రెండూ ఒకేసారి చేస్తానంటే రెండూ కావు. బోదె లావు ఎక్కడినుంచి వస్తుంది? ఆకులనుంచి. ఆకులు చేసిన ఆహారం బెరడు వెంబడి కిందికి దిగుతూ ఏడాదికొక వలయం కొయ్య వేస్తుంది. ఎన్ని ఎక్కువ ఆకులుంటే అంత లావు వలయం. తొట్టిలో పెట్టి వేర్లు తగ్గించి, చిగుళ్లు గిల్లుతూ కూర్చుంటే వలయం కాగితమంత మందాన పడుతుంది. అందుకే చిన్నప్పుడే తొట్టి ఎక్కిన మొక్క ఇరవై ఏండ్లయినా తొట్టిలో గుచ్చిన పుల్లలాగానే ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ముసలి చెట్టు అనుకోరు.

బోన్సాయ్ పెద్దలు ఒక మోటు లెక్క చెప్తారు: ఎత్తు సుమారుగా బోదె లావుకి ఆరు రెట్లు ఉంటే చెట్టు చెట్టులాగా కనబడుతుంది. మావాడి మేపుల్ మొదట్లో ఒకటిన్నర అంగుళం లావుంది. అంటే ఈరోజు దానికి న్యాయంగా దక్కే ఎత్తు 9 అంగుళాలు. వాళ్లేమో అడుగున్నర చెట్టు కావాలంటున్నారు. అడుగున్నర కావాలంటే మొదలు 3 అంగుళాలు ఉండాలి. ఇది నా మొండితనం కాదు, కూడికలు తీసివేతలు.

ఇప్పుడా అడ్డదిడ్డంగా పోయిన కొమ్మల సంగతి. అన్నిటికంటే కిందుగా, నేలకు 4 అంగుళాల ఎత్తున బయల్దేరి పక్కింటి కంచెదాకా పోయిన కొమ్మ ఒకటుంది. అది చూస్తేనే కోడలికి మంట. కానీ ఆ పెరట్లో అన్నిటికంటే ఎక్కువ కష్టపడుతున్నది అదే. కొమ్మ తనకు కింద ఉన్న బోదెను లావు చేస్తుంది, పైనున్నదాన్ని చేయదు. కాబట్టి కింద ఉన్న కొమ్మను వదిలేస్తే మొదలు ఒక్కటే బలుస్తుంది, మనకు కావలసిందీ అదే. పని అయిపోయినాక దాన్ని మొదలంటా తీసేస్తారు. అందుకే దానికి బలి కొమ్మ అని పేరు. నిజానికి ఆ 9 అడుగుల తల కూడా బలి కొమ్మే, చివరికి దానిలో అరడుగు కూడా మిగలదు.

మొదలు 3 అంగుళాలకు వచ్చినాక బోదెను నేలకు 6 అంగుళాల పైన రంపంతో కోసేయాలి. కోత కిందనుంచి చిగుళ్లు వస్తాయి. వాటిలో ఒకదాన్ని కొత్త తలగా పైకి వదలాలి. అది 2 అంగుళాల లావు అయ్యేదాకా రెండు మూడేండ్లు ఇష్టమొచ్చినట్టు పెరగనిచ్చి, దాన్ని మళ్లీ మూడు నాలుగు అంగుళాల దగ్గర కోయాలి. మళ్లీ ఇంకొకటి. ప్రతి కోతా ముందుదానికంటే దగ్గరగా. ఇట్లా చేస్తేనే కింద లావు, పైకి పోనుపోను సన్నం, మధ్యమధ్యలో చిన్న వంపు. ఫొటోల్లో చూసి మనం అబ్బా అనుకునే ఆకారం తీగ చుట్టి తెచ్చింది కాదు. కోసి, పెంచి, మళ్లీ కోసి తెచ్చింది.

కోతకు కాలం ఉంది. అమెరికాలో చలికాలం చివర మేపుల్ బోదెకు గాటు పెట్టి రసం పట్టి కాస్తారు, మన పిల్లలు దోసెల మీద పోసుకునే మేపుల్ పాకం అదే. పాకం తీసే చెట్టు వేరే రకం, కానీ ఆ రోజుల్లో గాయం కారడం అన్ని మేపుల్స్‌కీ ఉన్న గుణం. అందుకని నా మాట ఏమంటే, పెద్ద కోతలు వసంతం చిగురు ముదిరి ఆకు గట్టిపడినాక, ఎండాకాలం మొదట్లో చేయాలి. అప్పుడు చెట్టు జోరు మీద ఉంటుంది, గాయం అంచులు ఆ ఏడే కమ్ముకోవడం మొదలుపెడతాయి. కోత మీద పూసే ముద్ద తప్పకుండా పూయాలి. వేర్ల పని మాత్రం మొగ్గ ఉబ్బి, విప్పుకోకముందే.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మేపుల్‌కి మొగ్గలు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి. కొమ్మ జోరుగా పెరిగితే కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు దూరం ఉంటుంది, ఆ మధ్యలో మొగ్గ రాదు. అది ఒకసారి పొడుగు పడితే పడినట్టే, తర్వాత ఏం చేసినా కుదించలేం. కాబట్టి ఈ విచ్చలవిడి కొమ్మలేవీ చివరి చెట్టులో ఉండేవి కావు. అసలు కొమ్మలు తర్వాత పుడతాయి, వాటి మొదటి కణుపు బోదెకు ఆనుకొని ఉండేలాగా చూసుకుంటాం. కావలసిన చోట కొమ్మ రాకపోతే బోదెకు సన్నగా బెజ్జం వేసి, ఆకులు లేని లేత రెమ్మను సూదిలో దారంలాగా అందులోంచి దూర్చి వదులుతారు. ఒకటి రెండేండ్లలో అది లావై బోదెతో అతుక్కుంటుంది, వెనకభాగం కోసేస్తారు. అంత వెసులుబాటు ఉన్నప్పుడు ఇప్పుడే కొమ్మల అందం గురించి బెంగ ఎందుకు?

వీడియోల్లో చూపించే పనులన్నీ తీర్చే పనులు. జంట ఆకులు విప్పుకోగానే మధ్య చిగురు పట్టకారుతో గిల్లేయడం, ఎండాకాలంలో ఆకులన్నీ కాడ వదిలి కత్తిరించడం, ఇవన్నీ చూడటానికి బాగుంటాయి. ముప్పై నలభై ఏండ్ల చెట్టుకు అవి సరి. పెరగాల్సిన చెట్టుకు చేస్తే తినే పిల్లవాడి ముందునుంచి కంచం లాగేసినట్టు. మా పాప, అంటే అన్న కొడుకు కూతురు, 9 ఏండ్లది, ఎక్కడో చూసి ఆకులు కత్తిరిస్తానని కత్తెర పట్టుకుంది. ఆపమన్నది నేనే.

నేలలో ఉన్నప్పుడు కూడా చేయాల్సిన పని వేర్లది. రెండు మూడేండ్లకొకసారి మొగ్గ కదిలే ముందు చెట్టును పైకెత్తి, కిందికి దిగే లావు వేర్లు కోసి, బండపెంకు మీద కూర్చోబెట్టి, మిగతా వేర్లు సూర్యకిరణాల్లాగా చుట్టూ పరిచి మళ్లీ మట్టి కప్పాలి. వచ్చే మార్చిలో తవ్వాలనే ఉత్సాహం ఉంటే దీనికి వాడుకోండి. ఈ పని చేసిన ఏడు పెద్ద కోతలు మాత్రం వద్దు.

ఇంట్లోవాళ్ల వైపు కూడా న్యాయం ఉంది, కాదనను. పిల్లకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. పదేండ్ల తర్వాత వచ్చే అందం 9 ఏండ్ల పిల్లకు చెప్తే ఏం ఒరుగుతుంది? దానికి నేను చెప్పిన ఉపాయం గాలి అంటు. మనం దానిమ్మకు, జామకు కట్టేదే. పై భాగంలో వేలు లావున్న ఒక కొమ్మ చూసి, జూన్‌లో అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టాలి. రెండు మూడు నెలల్లో వేర్లు దిగుతాయి. దాన్ని కోసి చిన్న తొట్టిలో పెట్టి పాపకిచ్చేయండి. అది పాప చెట్టు, దాని ఆకులు ఆమె ఇష్టం. కింది చెట్టుకు ఆ ఒక్క కొమ్మ పోయిన లెక్కే ఉండదు. ఆ నీలం తొట్టి కూడా వృథా పోదు.

"అన్నేండ్లు ఎవరు చూస్తారు చిన్నాయనా?" అని మావాడు అడిగినాడు. నిజమైన ప్రశ్న అదే. వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్బొరేటం అని ఉంది, వాళ్ల ఊరినుంచి కారులో పొద్దున పోయి రాత్రికి రావచ్చు. 1976లో జపాన్ వాళ్లు అమెరికాకు కానుకగా ఇచ్చిన 53 బోన్సాయ్‌లు అక్కడికే వచ్చినాయి. వాటిలో ఒక వైట్ పైన్ 1625 నుంచి తొట్టి చెట్టుగా పెరుగుతున్నది. హిరోషిమాలో యమాకి అనే కుటుంబానిది. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు అది మూడు కిలోమీటర్ల దూరంలో, తోట గోడ చాటున ఉండి బతికింది. ఇచ్చేటప్పుడు ఆ సంగతి వాళ్లు చెప్పుకోనేలేదు. 2001లో ఆ ఇంటి మనవళ్లు చెట్టును చూడటానికి వచ్చినప్పుడు అక్కడివాళ్లకు తెలిసింది. ఒక ఇంట్లో తాత నీళ్లు పోసిన చెట్టుకి కొడుకు, మనవడు పోసినారు, తర్వాత ఎవరో పరాయి దేశం తోటమాలి పోస్తున్నాడు.

జపాన్‌లో 1923 భూకంపం తర్వాత టోక్యోలోని బోన్సాయ్ తోటలవాళ్లు కొందరు నగరం వదిలి, 1925లో ఒమియ అనే చోట ఊరే కట్టుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఉండాలంటే ఇంట్లో కనీసం 10 బోన్సాయ్‌లు ఉండాలి, మేడ కట్టకూడదు, గోడ బదులు పచ్చని కంచె వేయాలి, వచ్చినవాళ్లకు తోట చూపించాలి అని కట్టుబాటు ఉండేది. వలస పోయిన ఊళ్లో నాలుగు తరాలుగా ఉంటున్న మన ఇండ్లవాళ్లకు ఈ సంగతి ఎందుకో బాగా నచ్చుతుందని నా నమ్మకం.

ఇది చదివి బెంగళూరులోనో చెన్నైలోనో మేపుల్ తెప్పించుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. వద్దు. దానికి ఆకు రాల్చి నిద్రపోయే చలి కావాలి, మన చలికాలం దానికి కునుకుపాటుకు కూడా చాలదు. ఏటేటా నీరసపడి పోతుంది. ఆన్‌లైన్‌లో నీలం ఆకుల మేపుల్ విత్తనాలని అమ్ముతారు, అట్లాంటి చెట్టు ప్రపంచంలోనే లేదు. మనకు చింత ఉంది, జువ్వి ఉంది, రావి ఉంది. మైసూరు దత్తపీఠంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ తోట ఒకసారి చూసి రండి, మన చెట్లు ఏం చేయగలవో తెలుస్తుంది. లాల్‌బాగ్‌లోనూ ఉన్నాయి. బోన్సాయ్ ఇంట్లో ఉంటే వంశం పెరగదనే వాస్తు మాట మా మిద్దె మీద 30 ఏండ్లలో రుజువు కాలేదు, ముగ్గురు మనవళ్లు.

న్యూజెర్సీ చెట్టుకు ఒక నోటుపుస్తకం పెట్టమన్నాను. ఏ కొమ్మ ఎప్పుడు కోసినారు, వేర్లు ఎప్పుడు సరిచేసినారు, ఏ వైపు ముఖం అనుకున్నారు, అంతా తేదీలతో. ఆకులు రాలినాక ఏటా ఒక ఫొటో, ఒక కొలత. రేపు ఆ చెట్టు ఎవరి చేతికి పోయినా ముందువాళ్ల ఉద్దేశం ఏమిటో తెలియాలి. ఆ పుస్తకం తెలుగులో పాపే రాస్తుంది. మొదటి పేజీలో పోయిన నవంబరు కొలత ఉంది: నేలకు అంగుళం పైన చుట్టుకొలత 4 అంగుళాల ముప్పాతిక. అది తొమ్మిదిన్నర దాటినాక రంపం సంగతి మాట్లాడుకుందాం.