ముల్లు కదలకపోతే కంచం మీద కోపం ఎందుకు?



ఉగాది నాడు మన యువజన విభాగం పిల్లలు మొదలుపెట్టిన వంద రోజుల బరువు పందెం మంచి ఆలోచన. ఇన్నేళ్ళుగా మనం కలిస్తే పెళ్ళి సంబంధాలు, భోజనాల మెనూ, ఎవరి పిల్లలు ఏ ఊళ్ళో ఉద్యోగం అన్నవే మాటలు. ఇప్పుడు మొదటిసారి ఒంటి ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. కానీ తొమ్మిదో వారం వచ్చేసరికి పందెం దారి తప్పుతోందని నా అభిప్రాయం. ఎక్కువ కిలోలు తగ్గినవారికే బహుమతి అనే నియమాన్ని మార్చాలి. ఎందుకో చెబుతాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పెట్టుకుని చదవండి. కాఫీలో చక్కెర సంగతి కింద వస్తుంది.

ప్రతి ఆదివారం గ్రూపులో వచ్చే తూకం ఫొటోలన్నీ నేను వరుసగా చూస్తున్నాను. అంకెలు చూడటం నా పాత అలవాటు. మొదటి మూడు వారాల్లో చాలామంది రెండు, మూడు కిలోలు తగ్గారు. ఆరో వారం నుంచి అంకెలు నిలిచిపోయాయి. 74.2, 74.0, 74.3. దాంతో మాటలు మారాయి. ఒకరు రాత్రి భోజనం మానేశారు. ఒకరు రోజంతా దోసకాయ, మజ్జిగ మీదే ఉన్నారు. షుగరు మాత్రలు వేసుకునే ఒక అక్క టిఫిను మానేసి, మాత్ర మాత్రం వేసుకుని నడకకు వెళ్ళింది. దారిలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పక్కనున్నవాళ్ళు చక్కెర నీళ్ళు తాగించారు కాబట్టి సరిపోయింది. ఆ సంగతి ఆవిడ గ్రూపులో రాస్తే వచ్చిన జవాబులేమిటి? "సూపర్ పట్టుదల అక్కా" అని చప్పట్ల బొమ్మలు. అవి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఒక విషయం. మొదటి వారాల్లో తగ్గినదంతా కొవ్వు కాదు. మన కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు 3 గ్రాముల నీళ్ళను పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించగానే ఆ నిలవ కరుగుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. ముల్లు గబగబా దిగుతుంది. ఆ వేగం తరువాత రాదు, రాకూడదు కూడా.

గూడ్స్ ఆఫీసులో పనిచేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి వ్యాగను మీద ఖాళీ బరువు పెయింటుతో రాసి ఉంటుంది. దాన్ని టేర్ అంటాం. మొత్తం తూకంలోంచి టేర్ తీసేస్తేనే అసలు సరుకు ఎంతో తెలిసేది. వానలో తడిసిన బొగ్గు ఎక్కువ తూగుతుంది, అంతమాత్రాన బొగ్గు పెరిగినట్టా? ఇంట్లో తూకం మిషను మొత్తం బరువు ఒక్కటే చూపిస్తుంది. అందులో కొవ్వు ఎంత, కండ ఎంత, నీళ్ళు ఎంత అని చెప్పదు. ముందురోజు పెళ్ళిలో అప్పడాలు, ఊరగాయ తింటే ఉప్పుకు నీళ్ళు నిలిచి మర్నాడు కిలో ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు.

ఇక నిజంగానే తగ్గుదల ఎందుకు ఆగుతుంది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, ఒళ్ళు తేలికైంది. 80 కిలోల మనిషి 74కు దిగితే, ఎక్కే ప్రతి మెట్టుకూ 6 కిలోలు తక్కువ మోస్తున్నాడు. అదే నడకకు ఖర్చు తగ్గింది. తిండి మాత్రం అంతే ఉంది. జమ, ఖర్చు సమానమయ్యాయి. లెక్క తప్పలేదు, లెక్క సరిపోయింది, అంతే.

రెండోది, ఒళ్ళు పొదుపు మొదలుపెట్టింది. మనం రిటైరయ్యాక పెన్షను జీతంలో సగమైతే ఏం చేశాం? ఇంటి ఖర్చు తగ్గించుకున్నాం. ఒళ్ళూ అదే చేస్తుంది. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ళు ఒప్పుకున్నాకే, ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశాడు. బరువులో సుమారు నాలుగో వంతు తగ్గారు. దానితోపాటు ఒంటి ఖర్చు పడిపోయింది, నీరసం, చలి పట్టుకున్నాయి, ఎప్పుడూ తిండి ధ్యాసే. దృఢమైన కుర్రవాళ్ళకే అలా అయితే, 60 దాటి బీపీకి ఒకటి, షుగరుకు రెండు మాత్రలు వేసుకునేవాళ్ళం ఒక పూట మానేసి, ఆపై ఇంకో పూట మానేస్తే ఏమవుతుంది?

మూడోది మనకు నచ్చని కారణం. మొదటి నెల కొలిచి తింటాం, రెండో నెల చేతివాటం పెరుగుతుంది. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 కేలరీలు. తాలింపులో అదనంగా రెండు చెంచాలు పడితే కంటికి కనిపించదు. రోజుకు నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చిన్న చెంచాల చక్కెర చొప్పున వేసుకుంటే, చక్కెర ఒక్కటే 160 కేలరీలు. పాలు వేరే. ఇప్పుడు మామిడిపళ్ళ కాలం కూడాను. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 250 అటు ఇటు అయితే నెలకు దాదాపు ఒక కిలో అటు ఇటు అవుతుంది. కాబట్టి ముల్లు ఆగినప్పుడు మొదట చేయవలసింది పూట మానడం కాదు. మూడు రోజులు నోట్లోకి వెళ్ళే ప్రతిదీ ఒక కాగితం మీద రాయండి. మనవడు వదిలేసిన బిస్కెట్టు కూడా. ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఇక కంచం. మన కోయంబత్తూరు పైనే కొండమీద, కూనూరులో, 1918లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక పరిశోధనశాల మొదలుపెట్టారు. మరీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికేవాళ్ళకు వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధన అది. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో నడుస్తోంది. తమిళనాడులో పుట్టి తెలుగు ఊళ్ళో స్థిరపడింది, మనకు తిరుగుడు దారిలో. వాళ్ళు 2024లో ఇచ్చిన సలహాల్లో ముఖ్యమైనది ఒకటుంది: రోజు శక్తిలో ధాన్యాల వంతు నూటికి 45 దాటకూడదు. మన ఇళ్ళల్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోశ. పేర్లే మూడు, బియ్యం ఒకటే. రాగి, సజ్జ, కొర్ర తిన్నా అవీ ధాన్యాలే. మంచివే, కానీ కొలత లేకుండా తినమని కాదు.

అదే సంస్థ లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలి. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. గుమాస్తా పద్ధతిలో కూడి చూద్దాం. మూడు ఇడ్లీలు, గట్టి సాంబారు 9 గ్రాములు. ఒక కప్పు అన్నం 4, కప్పు గట్టి పప్పు 7, కప్పు పెరుగు 5. సాయంత్రం వడ, బజ్జీ బదులు కప్పు శనగల సుండల్ 8. రెండు గుడ్లు 12. రాత్రి రెండు చపాతీలు 6, దానికి ఉలవల పప్పు 7. మొత్తం 58. ఇవి సుమారు లెక్కలే. గుడ్డు తిననివాళ్ళు సోయా, పనీరు, ఇంకో కప్పు పప్పు చూసుకోండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీను పెంచవద్దు. ఇందులో ఎక్కడా కడుపు మాడ్చుకోవడం లేదు. అన్నం రెండో వడ్డన ఆగింది, ఆ చోట పప్పు, కూర వచ్చాయి, నూనెలో వేగినవి పోయాయి. అంతే తేడా.

ఉలవలు అనగానే నేను చదివిన తమిళ బడిలో విన్న సామెత గుర్తొస్తుంది. ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు. చిక్కినవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు అని. అది పట్టుకుని గ్రూపులో కొందరు పొద్దున్నే ఉలవల నీళ్ళు తాగితే కొవ్వు కరిగిపోతుందని రాస్తున్నారు. ఏ గింజకూ కొవ్వు కరిగించే మంత్రం లేదు. ఉలవల్లో ప్రొటీను, పీచు ఉన్నాయి, కడుపు నిండినట్టు ఉంటుంది, ఇంకో గరిటె అన్నం అడగం. సామెతలో ఉన్న నిజం అది. అందుకని వట్టి నీళ్ళు కాదు, గింజలు తినండి.

వ్యాయామం సంగతికి వస్తాను. రేస్ కోర్స్ చుట్టూ నడిచేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చాలా మంచిది, గుండెకు, షుగరుకు, మనసుకు. కానీ ముల్లు ఆగిందని నడక రెట్టింపు చేసి, ఇంటికొచ్చి రెండు మెదువడలు తింటే లెక్క సరికి సరి. ఆగిన చోట కావలసింది మరో రకం పని, కండకు పని. మేట్టుపాళయం నుంచి కల్లారు దాకా నీలగిరి రైలు మామూలు పట్టాల మీదే పోతుంది. కల్లారు దాటాక 12 అడుగులకు ఒక అడుగు ఎక్కాలి. అక్కడ ఇంధనం తగ్గిస్తే బండి ఎక్కదు, ఊరికే వేగం పెంచితే చక్రం జారుతుంది. అందుకే పట్టాల మధ్య పళ్ళ పట్టీ పెట్టారు. ఇంజిను దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మనకు ఆ పట్టు కండే.

30 ఏళ్ళు దాటాక కండ పదేళ్ళకు నూటికి 3 నుంచి 8 వంతుల దాకా తగ్గుతుంది, 60 తరువాత ఇంకా వేగంగా. తిండి బాగా తగ్గించి బరువు దించితే కొవ్వుతోపాటు ఈ కండ కూడా పోతుంది. మిషను మీద అదీ తగ్గుదలే, చప్పట్లు దానికీ పడతాయి. కానీ బాత్రూములో కాలు జారినప్పుడు నిలబెట్టేది ఆ కండే. ముఖ్యంగా మన అక్కలకు, అత్తలకు చెబుతున్నాను. అందరికీ వడ్డించి, చివర్లో మిగిలిన రసం, అన్నం తినే అలవాటు మీది. పప్పు మీ వంతుకు రాదు. పందెంలో గెలిచి ఎముక విరిగితే ఎవరికి లాభం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటిది, దానితోపాటు రెండు రోజులైనా కండకు బలమిచ్చే పని. జిమ్ము అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోయడం. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం, దించడం. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. రాత్రి ఏడు గంటల నిద్ర కూడా ఇందులో భాగమే. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, సీరియల్ చూస్తూ పన్నెండు దాకా మేలుకుంటే చేయి మురుకుల డబ్బా వైపే పోతుంది. అన్నీ సరిగ్గా చేస్తున్నా రెండు మూడు నెలలు ఏమీ కదలకపోతే థైరాయిడు చూపించండి, వేసుకుంటున్న మాత్రల గురించి అడగండి. షుగరుకు ఇన్సులినో, మాత్రలో వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా పూట మానవద్దు. ఇది మాత్రం వేడుకోలు కాదు, హెచ్చరిక అనుకోండి.

పిల్లలు అంటారు, "అంకె లేకపోతే ఉత్సాహం ఉండదు పెదనాన్నా" అని. నిజమే. అంకె ఉండాలి, కానీ సరైన అంకె ఉండాలి. నడుము కొలవండి. మనవాళ్ళకు మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే జాగ్రత్తపడాలి అంటారు డాక్టర్లు. బరువు అక్కడే ఉండి నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే పని జరుగుతోందన్నమాట. రెండో అంకె, 30 సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు? అమెరికాలోని సీడీసీ వారి పట్టికలో 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కన్నా, ఆడవాళ్ళు 12 కన్నా తక్కువ చేస్తే అది సగటు కన్నా తక్కువ. ఉగాది నాడు 9 చేసినవారు ఇప్పుడు 13 చేస్తే అది గెలుపు కాదా? నాలుగు కిలోలు తగ్గి, ఆ తగ్గిన చోటే రెండు నెలలు నిలబడటం కూడా గెలుపే. తగ్గడం కన్నా నిలుపుకోవడమే కష్టం.

కాబట్టి వచ్చే కార్యవర్గ సమావేశానికి నా ప్రతిపాదనలు ఇవి. కిలోల బహుమతి తీసేసి నడుము కొలత, కుర్చీ లెక్క, వారం వారం వ్యాయామం హాజరు, ఈ మూడింటికీ మార్కులు వేయండి. గ్రూపులో పూట మానేశామని రాసినవారికి చప్పట్లు ఆపి, "అక్కా, తిన్నారా?" అని అడగండి. నెల మీటింగులో కేసరి, వడ, కాఫీ బదులు రెండు ఇడ్లీలు, సుండల్, ఒక పండు పెట్టండి, చక్కెర డబ్బా వేరే బల్ల మీద ఉంచండి. కేసరి పండగలకు ఉండనే ఉంది, దాన్ని ఎవరూ వెలి వేయడం లేదు.

మన పెద్దలు పొట్ట చేతబట్టుకుని ఈ ఊళ్ళకు వచ్చి, తినీ తినక మనల్ని చదివించారు. వాళ్ళ పిల్లలం ఇప్పుడు అన్నీ ఉండి, ఒక మిషను మీది అంకె కోసం పస్తులుండటం నాకు న్యాయంగా కనిపించడం లేదు. ఒప్పుకోనివారు కింద రాయండి, వాదిద్దాం. ఒప్పుకున్నవారు ఈ ఆదివారం తూకంతోపాటు నడుము కొలత కూడా పెట్టండి. టైలరు టేపు చాలు.