షుగర్ మందులు ఇచ్చే చోటే దిగులుకూ వైద్యం అందాలి



మధుమేహం ఉన్నవారు కుంగుబాటుకు గురయ్యే అవకాశం ఆ వ్యాధి లేనివారితో పోలిస్తే సుమారు రెట్టింపని, అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించిన పరిశోధకులు 2001లోనే తేల్చారు. కుంగుబాటు అంటే ఒక పూట ఉండి పోయే విచారం కాదు. రెండు వారాలకు పైగా వదలని దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, తన వల్ల ఏమీ కాదన్న నిస్పృహ, ఇవన్నీ కలిసి మనిషిని రోజువారీ పనులకు దూరం చేసే వ్యాధి. ఈ రెండు వ్యాధులూ తరచు ఒకే మనిషిలో కాపురం ఉంటున్నా, మన ప్రభుత్వ వైద్యం మాత్రం వాటిని వేరు చేసే చూస్తోంది. షుగర్ మాత్రలు గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలోనో, ఊళ్లోకి వచ్చే 104 సంచార వైద్య వాహనం దగ్గరో దొరుకుతుండగా, మనసు వైద్యం కావాలంటే ముదినేపల్లి మండలవాసి కైకలూరు మీదుగా కొల్లేరు దాటి ఏలూరు చేరవలసి వస్తోంది. ఆ దూరానికి కూలి నష్టం, బస్సు ఛార్జీ, పదిమందిలో పడే మాట తోడైనప్పుడు ఎంతమంది వెళ్తారో ఊహించడం కష్టం కాదు.

ఈ ప్రాంతానికి మధుమేహం కొత్త కాదు, అది పట్టణాల జబ్బూ కాదు. గోదావరి జిల్లాల పల్లెల్లో 30 ఏళ్లు దాటిన నాలుగున్నర వేల మందిని పరీక్షించి 2006లో వెలువరించిన అధ్యయనంలో, నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు, వారిలో సగం మందికి ఆ సంగతే తెలియనట్లు బయటపడింది. దేశం మొత్తంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది ఉంటారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023లో అంచనా వేసింది. కొల్లేరు చుట్టుపక్కల వరి చేలు చేపల చెరువులుగా మారిన కొద్దీ ఒంటి శ్రమ తగ్గింది, తెల్లన్నం మాత్రం తగ్గలేదు. చెరువు గట్టు మీది పాకలో రాత్రంతా కాపలా కాసేవారికి నిద్రకూ భోజనానికీ వేళంటూ ఉండదు. పట్టుబడి సమయానికి ధర పడిపోతే కౌలు, మేత బాకీలు మెడకు చుట్టుకుంటాయి. అటువంటి మనిషికి షుగర్ బయటపడినప్పుడు ఇంట్లో మొదట వినపడేది ఓదార్పు కాదు, నోరు కట్టుకోలేదన్న నింద. వ్యాధితో పాటు తప్పు చేశానన్న భావం కూడా ఆనాడే మొదలవుతుంది.

ఈ రెండు వ్యాధుల మధ్య రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. దీర్ఘకాలం మనసు ఒత్తిడికి లోనైతే మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువగా ఊరుతుంది. అది కాలేయం చేత చక్కెరను రక్తంలోకి వదిలిస్తూ, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. మరో వైపు, కుంగిన మనిషి నడక మానేస్తాడు, వేళకు తినడు, మాత్ర వేసుకుని ఏం లాభం అనుకుంటాడు, కాలి బొటనవేలి కింద పుండు పడినా పట్టించుకోడు. ఫలితంగా మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే పరీక్షలో అంకె పెరుగుతుంది, పెరిగిన అంకెను చూసి డాక్టరు మందలిస్తాడు, మందలింపు విన్న మనిషి మరింత కుంగుతాడు. చాలా సందర్భాల్లో ఈ దశలో మోతాదు పెంచుతారే తప్ప, మాత్రలు ఎందుకు వేసుకోవడం లేదని అడిగేవారు ఉండరు.

వైద్యులు దీన్ని గుర్తించకపోవడానికి ఒక న్యాయమైన కారణం కూడా ఉంది. నీరసం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం షుగర్ అదుపు తప్పినా కనిపిస్తాయి, కుంగుబాటులోనూ కనిపిస్తాయి. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 విటమిన్ తగ్గి, కాళ్ల తిమ్మిరితో పాటు మనసు మందగించడమూ ఉంటుంది. కనుక దిగులుగా ఉందన్న ప్రతివారికీ కుంగుబాటు మందు రాసేయడం సరికాదు. బీ12, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయించడం వైద్య ధర్మం. అదే విధంగా, పథ్యం, సూది, ఖర్చు, కాలు పోతుందేమోనన్న భయం కలిసి తెచ్చే విసుగును వైద్యులు మధుమేహ మనస్తాపం అని వేరుగా లెక్కిస్తారు; దానికి మందు కన్నా ఓపికగా వినే మనిషి, తినదగినదేదో వివరంగా చెప్పే మాట ఎక్కువ మేలు చేస్తాయి. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు అడగాలి.

అడగవలసిన ప్రశ్నలు ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఉన్నాయి. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత తదితర వివరాల తరువాత, చివరి భాగంలో రెండు ప్రశ్నలు ఉంటాయి: గడచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు ఉంది, దిగులుగా, నిరాశగా అనిపించడం ఎన్ని రోజులు ఉంది. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసి, మొత్తం నిర్ణీత స్థాయి దాటితే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. నీరసం, ఆకలి వంటి ఒంటి లక్షణాల జోలికి పోకుండా నేరుగా మనసునే అడగడం వల్ల షుగర్ రోగుల విషయంలో ఈ రెండు ప్రశ్నలకు ప్రత్యేకమైన విలువ ఉంది. అయితే వీధి అరుగు మీద, కోడలూ పొరుగువారూ వింటుండగా, పదుల కొద్దీ గడుల చివర హడావిడిగా అడిగితే ఎవరైనా ఏమీ లేదమ్మా అనే అంటారు, ఆ గడిలో సున్నా పడుతుంది.

ఒకే చోట రెండు వైద్యాలు సాధ్యమా అన్న సందేహానికి సమాధానం మన రాష్ట్రంలోనే ఉంది. అమెరికాలోని సియాటెల్‌లో వేన్ కాటన్ బృందం 2010లో ప్రకటించిన పద్ధతిని మన దేశానికి అనువుగా మలిచి, విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీలలోని నాలుగు మధుమేహ చికిత్సాలయాల్లో రెండు వ్యాధులూ ఉన్న 404 మంది మీద పరీక్షించారు. డాక్టరు కాని, శిక్షణ పొందిన ఒక వ్యక్తి రోగితో తరచు మాట్లాడి మాత్రలు, మనసు, పథ్యం మూడూ కనుక్కుంటూ ఉండగా, నిపుణులు అతని కాగితాలను ఎప్పటికప్పుడు సమీక్షించి చికిత్సను సవరించారు. రెండేళ్ల తరువాత కుంగుబాటు సగానికి తగ్గడంతో పాటు షుగర్, రక్తపోటు, కొవ్వులలో ఏదో ఒకటైనా మెరుగుపడినవారు ఈ చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 72 మంది కాగా, మామూలు వైద్యం పొందినవారిలో 57 మంది. అవి నగరాల ఆసుపత్రులు, పల్లెల సంగతి వేరనే వాదన న్యాయమే కాని, ఏలూరు కేంద్రంగా ఉన్న ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లోనే స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరిట ఆశా కార్యకర్తలు ట్యాబ్‌ల సాయంతో కుంగుబాటును గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు అప్పగించిన ప్రయోగం జరిగింది; తరువాత హర్యానాను కూడా కలుపుకుని 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో చేసిన పరీక్షలో, కుంగుబాటు తగ్గినవారి సంఖ్య మామూలు పద్ధతి కన్నా స్పష్టంగా ఎక్కువగా వచ్చింది.

ఆశా కార్యకర్తల నెత్తిన ఇప్పటికే తలకు మించిన పని ఉందన్నది నిజం. అందుచేత ఈ రెండు ప్రశ్నలను గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ, అంటే బీఎస్సీ నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి, షుగర్ చూసే సమయంలోనే తలుపు వేసిన గదిలో అడగాలి. మార్కు ఎక్కువ వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూడాలి. తేలనివారి విషయంలో మాత్రమే, 2023లో వైద్య కళాశాల వచ్చిన ఏలూరు ఆసుపత్రి మానసిక వైద్యులు ఫోనులోనో వీడియోలోనో సలహా ఇవ్వాలి. మందుల ఎంపికలోనూ ఈ కలయిక అవసరం: తిమ్మిరి మంటలకు తరచు రాసే అమిట్రిప్టిలిన్ బరువును, చక్కెరను పెంచవచ్చు, ఫ్లూక్సెటిన్ వంటివి కొందరిలో చక్కెరను తగ్గించి ఇన్సులిన్ వాడేవారికి కళ్లు తిరిగేలా చేయవచ్చు. రెండు చీటీలు ఇద్దరు డాక్టర్ల దగ్గర ఉంటే ఈ సంగతి ఎవరి కంటా పడదు. రాత్రివేళ ఆత్మహత్య ఆలోచనలు చుట్టుముట్టినవారికి 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416 ఉంది. ఆ అంకెను షుగర్ పుస్తకం అట్ట మీద ముద్రించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అన్నిటికన్నా తొందరగా చేయదగినది మరొకటి ఉంది. కుంగుబాటు తీవ్రంగా ఉన్నవారు మందులిచ్చే రోజున వరుసలో నిలబడరు, అసలు ఇల్లు కదలరు. ఇప్పటి లెక్కల్లో వారు రాలేదు అన్న ఒక్క గుర్తుతో ముగిసిపోతున్నారు. ప్రతి నెలా 104 వాహనం వెళ్లిన మర్నాడే, మాత్రలు తీసుకోనివారి జాబితా ఎంఎల్‌హెచ్‌పీ చేతికి అందాలి; వరుసగా రెండు నెలలు రానివారి ఇంటికి మాత్రలతో వెళ్లి, ఎందుకు రాలేదన్న ఆరాగా కాకుండా, ఎలా ఉన్నారన్న పలకరింపుగా ఆ రెండు ప్రశ్నలూ అడగాలి. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు మండలాల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి కొత్త జీవో కన్నా జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఒక ఉత్తర్వు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ముదినేపల్లి, ఏలూరు జిల్లా