రంగు ఎందుకు పట్టలేదు?

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకదానితోబాటు కవరులో చిన్న నల్లని ప్లాస్టిక్కు ముక్క కూడా వచ్చింది. పంపినది ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి. వాళ్ళ తాతగారు 1985లో కొన్న నల్లరంగు మారుతి 800 కారు ఇంకా వాళ్ళ యింట్లో నడుస్తూనే వున్నదట. ఈ కారు సంగతి మీ అమ్మానాన్నలకు చెప్పనక్కరలేదు. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డు మీదికి వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. నలభై ఏళ్ళ నాటి బండిని తుక్కుకు వెయ్యకుండా కాపాడుకుంటున్న ఆ యింటివారంటే నాకు గౌరవమే.

ఇక అసలు సంగతి. ఎండకు తెల్లబారిన డాష్‌బోర్డుకూ, స్టీరింగు కింది తొడుగుకూ రంగు వేయించాలని అబ్బాయి నాన్నగారు ఒక పెయింటరును పిలిచారు. అతను తలుపుల రేకుకు వేసిన రంగునే, అదే డబ్బాలోంచి, లోపలి ప్లాస్టిక్కుకూ వేశాడు. తలుపులు నిగనిగలాడుతున్నాయి. లోపలి రంగు మాత్రం ఇరవై రోజులు తిరగకుండానే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

"పెయింటరు మోసం చేశాడని నాన్న మిగతా డబ్బు యివ్వనంటున్నారు. మంచి రంగే వేశానని అతను ఒట్టు పెట్టుకుంటున్నాడు. ఎవరి మాట నిజం, మాస్టారూ?" అని అబ్బాయి అడుగుతున్నాడు.

ఇది ఒక మనిషి కూలీకీ, మంచిపేరుకూ సంబంధించిన ప్రశ్న. కనుక తొందరపడి తీర్పు చెప్పరాదు. చెయ్యి ఒకటే, డబ్బా ఒకటే. రేకు మీద నిలిచిన రంగు ప్లాస్టిక్కు మీద నిలవలేదు. అయితే తేడా రంగు కింద వున్న వస్తువులో వుండాలి గదా!

తామరాకు మీద నీటిబొట్టు అంటూ వుంటారు, మీరు వినే వుంటారు. తామరాకు దొరకకపోతే చేమ ఆకు మీద నీళ్ళు చల్లి చూడండి. బొట్టు ముత్యంలాగా దొర్లిపోతుంది, ఆకు తడవదు. ఇప్పుడు సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు పలక మీద ఒక బొట్టు వెయ్యండి. అది పలచగా పరుచుకుంటుంది. ఐస్‌క్రీము డబ్బా మూతల మీద కొన్నిటికి ముక్కోణంలో 5 అనే అంకె వుంటుంది. అలాంటి మూత మీద మూడో బొట్టు వెయ్యండి. అది తామరాకు మీద లాగా దొర్లకపోయినా, పరుచుకోకుండా ఉబ్బెత్తుగా నిలుస్తుంది.

ఏ ద్రవమైనా ఒకచోట అంటుకోవాలంటే ముందుగా అక్కడ పరుచుకోవాలి. పరుచుకోని చోట పట్టు దొరకదు. రంగుకైనా ఇదే న్యాయం.

బియ్యం, జొన్నలు, రాగులు అన్నీ ధాన్యమే అయినట్టు, ప్లాస్టిక్కులు కూడా అనేక రకాలు. ఆ 5 అంకె పాలీప్రొపిలీనుకు గుర్తు. ఇటలీలో నట్టా అనే శాస్త్రజ్ఞుడు 1954లో దీనిని గట్టి పదార్థంగా తయారు చేశాడు. 1963లో ఆయనకూ జర్మనీకి చెందిన జీగ్లరుకూ కలిపి నోబెలు బహుమతి యిచ్చారు. దీనిలో వున్నవి కర్బనమూ, ఉదజనీ మాత్రమే. మైనానికి దాయాది అనుకోండి. రంగు పట్టుకుని వేళ్ళాడడానికి దానిలో కొక్కెం లాంటిది ఏదీ లేదు. కార్లలో వాడే ఏ.బి.యస్. అనే మరో ప్లాస్టిక్కులో నత్రజని కలిసిన భాగం వుంటుంది. అందుచేత దానికి రంగు సులభంగా పడుతుంది. కాని ఘాటైన థిన్నరు పోస్తే అది కరిగి పాడవుతుంది.

మరి అబ్బాయి పంపిన ముక్క ఏ రకం? అంటుకుని వున్న రంగు గోకేసి నీళ్ళగిన్నెలో వేశాను. తేలింది! పాలీప్రొపిలీను నీటికంటె తేలిక, ఏ.బి.యస్. కొంచెం బరువు. (ఖనిజపు పొడి కలిపిన పాలీప్రొపిలీను ఒక్కొక్కప్పుడు మునుగుతుంది. కాబట్టి మునిగినంత మాత్రాన అది కాదని చెప్పలేము.)

దీనికి తోడు ఎండ ఒకటి. మూసి వున్న కారు మే నెల ఎండలో నిలిచిందంటే డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాలుతుంది. 25 డిగ్రీల నుంచి అంత వేడెక్కితే మీటరు పొడవు ఉక్కు పట్టీ అర మిల్లీమీటరు సాగుతుంది. అంతే పొడవు పాలీప్రొపిలీను పట్టీ నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. రేకు కోసం చేసిన గట్టి రంగు అంత సాగలేదు, పగిలిపోతుంది. పైగా చాలామంది డాష్‌బోర్డును సిలికోను కలిసిన పాలిషుతో తుడుస్తారు. మెరుపు కోసం పూసే ఆ జిడ్డు రంగుకు పరమ శత్రువు.

అబ్బాయీ, నాన్నగారికి నా మాటగా చెప్పు: అతను మోసం చెయ్యలేదు. తలుపుల పనికి పూర్తి కూలీ యివ్వడం న్యాయం. ప్లాస్టిక్కుకు వేరే పద్ధతి వున్నదని పెయింటరుకు తెలిసి వుండవలసింది, అది నిజమే. కనుక డాష్‌బోర్డు పని అతనే మళ్ళీ చెయ్యాలి, కావలసిన సరుకు మీరు కొనిపెట్టాలి.

పద్ధతి యిది. విడదీయగలిగిన భాగాలు విడదీసి, లేచిన రంగంతా తీసెయ్యాలి. సబ్బునీళ్ళతో, పాత పళ్ళబ్రష్షుతో గీతల సందుల్లో కూడా తోమాలి. ఆరిన తరువాత ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడవాలి, గుడ్డ మారుస్తూ రెండు మూడుసార్లు. గరుకు కాగితం పెట్టి రుద్దితే ప్లాస్టిక్కు మీది తోలు నమూనా అరిగిపోతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచుతో మెల్లగా రుద్దితే చాలు. మళ్ళీ తుడిచి, వేలు తగలనివ్వకుండా, పాలీప్రొపిలీను కోసమే అమ్మే ప్రైమరును పలచగా కొట్టాలి. దాని మీద, డబ్బాపై రాసిన సమయంలోగా, సాగే గుణం గల రంగును పలచని పూతలుగా మూడుసార్లు వెయ్యాలి. పనిలో ముప్పాతిక భాగం రంగు డబ్బా మూత తియ్యకముందే అయిపోతుందన్నమాట!

మెరిసే రంగు మాత్రం వద్దు. డాష్‌బోర్డు మెరిస్తే ముందు అద్దంలో దాని నీడ పడి, తోలేవారికి రోడ్డు సరిగా కనపడదు. థిన్నరు, స్ప్రే పనులు పెద్దవాళ్ళవి. గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా, తగిన మాస్కు పెట్టుకుని చెయ్యాలి. నువ్వు తోమే పని చెయ్యి.

వారం ఆరనిచ్చాక, కనపడని మూల బ్లేడుతో చిన్న గళ్ళు గీయించు. వాటి మీద సెల్లోటేపు అతికించి చురుకుగా లాగు. ఎన్ని గళ్ళ రంగు టేపుతో వచ్చిందో లెక్కపెట్టి, ఆ టేపునే కార్డుకు అంటించి నాకు పంపు.